మా చెల్లి మాట్లాడని ఆరు వారాలు

మా చెల్లి అర్వెల్లా పోయి పదేళ్ళు దాటింది. అయినా ఏడాదికి ఒకరో ఇద్దరో రికార్డింగు పెట్టె పట్టుకుని మా ఇంటి మెట్లెక్కుతూనే ఉంటారు. మంచివాళ్ళే. అందరూ తిరిగి తిరిగి ఒకటే అడుగుతారు. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటికి ముందు ఆమె గొంతు వేరట, తరవాత వేరట. ముందు పాటలకి జనం లేచి ఆడేవాళ్ళట, తరవాతి పాటలకి చేస్తున్న పని ఆపి కూర్చుండిపోయేవాళ్ళట. ఆ రెంటికీ మధ్య ఎండాకాలం ఆమె ఇక్కడే ఉంది గదా, ఏం చేసింది అని.

"బొబ్బర్లు వలిచింది," అంటాను.

ఇంకా ఏమైనా చెబుతానేమోనని చూస్తారు. నేను చెప్పను. చెప్పింది అబద్ధం కాదు గదా. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

పత్తి చేలో ఆఖరి గుంటక తోలేసి, కాయ పగిలేదాకా చేతులు ఖాళీగా ఉండే రోజులవి. జూలై రెండో వారం. మెంఫిస్ పట్నం నుంచి ఒక నల్ల కారు ఏటి వంతెన దాటి, దుమ్ము లేపుకుంటూ వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. చెల్లి దిగింది. మెడలో ఎప్పుడూ ఉండే గొలుసుల్లేవు. దారం కట్టిన పెన్సిలు వేలాడుతోంది. చంకలో గీతల కాగితాల దస్తా.

"వచ్చావా," అన్నాను.

తలూపింది. మా ఇద్దరి పలకరింపు ఏనాడూ అంతకు మించింది కాదు గనక నాకు తేడా తెలియలేదు.

తేడా మా ఆవిడ ఒడెస్సాకి తెలిసింది. కారు తోలుకొచ్చినతను ఇచ్చిన డాక్టరు చీటీ ఆమె పైకి చదివింది. గొంతులో కోత పెట్టారు. ఆరు వారాలు మాట్లాడకూడదు. గుసగుస కూడా కూడదు. గట్టిగా నవ్వకూడదు. ఏడుపొస్తే శబ్దం రానివ్వకూడదు. ఈలోగా నోరు జారిందంటే ఆ గొంతు ఇక దక్కదు.

ఒడెస్సా చీటీ మడిచి నన్నూ చెల్లినీ మార్చి మార్చి చూసింది.

"ఒక మూగాయనతోనే ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను. ఇప్పుడు ఇద్దరు. ప్రభువా, కనీసం మాట్లాడే పిల్లినైనా పంపించు."

చెల్లి నవ్వబోయి రెండు చేతులతో నోరు మూసుకుంది. భుజాలు మాత్రం ఊగాయి. ఆ ఎండాకాలమంతా ఆమె నవ్వూ ఏడుపూ నేను భుజాల్లోనే చూశాను. రెండూ ఒకేలా ఉండేవి.

ఆ రోజుల్లో ఆమె గొంతు వినపడని వంటిల్లు లేదు. 'నన్నిక్కడే దించెయ్' అన్న పాట. బస్సులో పోతున్న ఆడమనిషి, వదిలేసి వచ్చిన వాడి ఇంటి దీపం కనపడగానే డ్రైవరుని బతిమాలుకునే పాట. అది రేడియోలో వచ్చిన ఏడాది మా దారిన తిరిగే బస్సు డ్రైవరు ఎక్కిన ప్రతి ఆడమనిషినీ "ఇక్కడే దించెయ్యనా తల్లీ?" అని ఆటపట్టించేవాడు. మా పక్కింటి సైక్స్ అమ్మ మాత్రం, "నోరు మూసుకుని నా ఇంటి దగ్గర దించు, సన్నాసీ," అనేది. సైక్స్ అమ్మ మా అమ్మకి చిన్ననాటి స్నేహితురాలు. చర్చి సంఘంలో ఆమె మాటకి పాస్టరు గారు కూడా ఎదురు చెప్పరు.

మా అమ్మ పొలీన్ ఆ పాట గురించి ఏనాడూ నోరెత్తలేదు. చర్చిలో పెరిగిన గొంతు లోకపు పాటలకి పోయిందని ఆమె మౌనమే చెప్పేది. చెల్లి ఇంటికొస్తే కడుపునిండా పెట్టేది. పాట మాట వస్తే లేచి కోళ్ళ దగ్గరికి పోయేది. అరవై ఎనిమిది డిసెంబరులో పోయింది. సమాధి దగ్గర చెల్లిని పాడమన్నారు. పాడలేదు. అప్పటినుంచీ నెబో కొండ అనే మా చర్చిలో అడుగు పెట్టలేదు.

ఇక నా సంగతి. నేను బడికి పోయింది మూడేళ్ళు. అదీ పత్తి తీతలు అయ్యాక, విత్తడానికి ముందు, ఏడాదికి నాలుగు నెలలు. నా పేరు గీయగలను. బస్తా మీద అంకె చూసి బరువు చెప్పగలను. అంతే. కానీ నేను సంఘపెద్దని. మా సంఘంలో పాత కీర్తనలకి వాయిద్యం ఉండదు. పెద్ద ఒకడు లేచి చరణం పలికి అందిస్తాడు. సంఘమంతా దాన్ని అందుకుని, సాగదీసి, ఏటి నీళ్ళలాగా నెమ్మదిగా మోసుకుపోతుంది. చదువు రానివాళ్ళ కోసం మా ముత్తాతల నాడు పుట్టిన పద్ధతి. అందించేవాడికి మాత్రం చదువు వచ్చుండాలని అందరి నమ్మకం. మా నాన్న పోయాక ఇరవయ్యో ఏట ఆ పని నా మీద పడింది. నూట పన్నెండు కీర్తనలు ఆయన నోటి నుంచి విని నేర్చినవే. చేతిలో మాత్రం పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, వేలు కదుపుతూ నిలబడేవాణ్ణి.

ఈ గుట్టు ఒడెస్సా పెళ్ళైన నెలకే పట్టేసింది. ఇంకెవరికీ తెలియదు. పద్నాలుగేళ్ళు చిన్నదైన చెల్లికి తెలిసే వీలే లేదనుకున్నాను. ఆమెకి ఊహ తెలిసేసరికే నేను పుస్తకంతో నిలబడి ఉన్నాను మరి.

ఒడెస్సా పొద్దున్నే చొక్కాల ఫ్యాక్టరీకి పోయేది. మాకు పిల్లల్లేరు. సాయంత్రం దాకా ఇంట్లో ఇద్దరమే, నేనూ, కాగితం మీద మాట్లాడే మా చెల్లీ.

మొదటి వారం ఎలాగో నెట్టుకొచ్చాను. రాసి చూపిస్తే ఏమై ఉంటుందో ఊహించేవాణ్ణి. ఎండ ఎక్కువగా ఉంటే మంచినీళ్ళు తెచ్చేవాణ్ణి. కుర్చీ వైపు చూస్తే అరుగు మీదికి జరిపేవాణ్ణి. ఏమీ తోచకపోతే చర్చిలో ఊపినట్టు నిదానంగా తలూపేవాణ్ణి. ఒకరోజు ఏదో రాసి నా ముందు పెట్టింది. చూశాను. తలూపాను. మళ్ళీ అదే వేలితో చూపించింది. ఇంకా గట్టిగా తలూపి, టోపీ పెట్టుకుని ఊళ్ళోకి పోయాను. మంగలి కొట్లో గంటసేపు కూర్చుని వచ్చాను.

సాయంత్రం ఒడెస్సా ఆ కాగితం చూసింది.

"ఇది చదివావా?"

"చూశాను."

"'అన్నా, చొక్కా తిరగేసి తొడుక్కున్నావు' అని రాసింది. నువ్వేం చేశావ్?"

"ఊళ్ళోకి వెళ్ళాను."

చొక్కాల ఫ్యాక్టరీలో పని చేసే ఆడదాని మొగుడు కుట్లు బయటపెట్టుకుని ఊరంతా తిరిగాడని ఒడెస్సా వారం రోజులు చెప్పుకుని నవ్వింది. చెల్లి అటు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి.

ఆ తరవాతి రోజులు నాకు వరసగా గుర్తులేవు. నీళ్ళ అడుగున ఉన్నట్టు ఉండేది. వరి మళ్ళలో నీళ్ళు నిలిపి ఉన్నాయి. ఆకాశం వాటిలో పడుకుని ఉండేది. పొద్దున తెల్లగా విచ్చిన పత్తిపువ్వు మర్నాటికి గులాబీ రంగు తిరిగేది. మందు చల్లే విమానం ఎక్కడో గొణుక్కుంటూ వచ్చి, చెట్ల మీద ఒరిగి, వెళ్ళిపోయేది. మేమిద్దరం అరుగు మీద ఒళ్ళో గిన్నెలు పెట్టుకుని ఊదా తొక్కల బొబ్బర కాయలు వలిచేవాళ్ళం. గింజలు గిన్నెలో పడే చప్పుడే మా మాట. ఆమె వేళ్ళు గోళ్ళ దాకా ఊదారంగుకి తిరిగాయి. గిన్నె నిండేకొద్దీ చప్పుడు మారేది, ఆమె తల వాల్చి ఆ మార్పు వినేది.

మధ్యాహ్నం ఊయల బల్ల మీద నిద్రపోయేది. నిద్రలో పెదాలు కదిలేవి. చరణాలు చరణాలుగా కదిలేవి. గొంతు దగ్గర నరం లేచి దిగేది. శబ్దం మాత్రం రాదు. అద్దాల గదిలో ఎవరో పాడుతుంటే బయటి నుంచి చూస్తున్నట్టుండేది. నేను విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చునేవాణ్ణి, శబ్దం వస్తే లేపేద్దామని.

ఒకరోజు రోడ్డు మీద కారు వెళ్ళింది, అద్దాలు దించి. రేడియోలో ఆమె పాట. సన్నగా మొదలై, మా ఇంటి ముందుకొచ్చేసరికి నిండుగా మోగి, మలుపు దాకా పోయి, చేలల్లో పలచబడిపోయింది. ఆమె గొంతు ఆమె ముందు నుంచే వెళ్ళిపోయింది. ఆమె నోరు మూసుకుని, దుమ్ము అణిగేదాకా రోడ్డు వైపే చూసింది. గొంతు మీద వేలు పెట్టుకుంది, తలుపు గడియ పడిందో లేదో చూసుకున్నట్టు.

నాలుగో వారం మంగళవారం. గిన్నె పక్కన పెట్టింది. కాగితం మీద ఏదో రాసింది, ఒక్క వరస. రాసి చాలాసేపు ఒళ్ళోనే ఉంచుకుంది. చివరికి నా చేతిలో పెట్టింది. ఎప్పుడూ కాగితం చూపించి కాగితం వైపే చూసేది. ఆ రోజు నా మొహం వైపు చూసింది.

నేను చూశాను. ఎండగా లేదు. కుర్చీ నీడలోనే ఉంది. చొక్కా తడుముకున్నాను, సరిగానే ఉంది. ఏం చెయ్యాలో తోచక నిదానంగా తలూపాను. ఒకసారి, రెండుసార్లు.

ఆమె కళ్ళు మూసుకుంది. భుజాలు ఊగడం మొదలైంది. నవ్వో ఏడుపో తెలియదు. లేచి వచ్చి ఆ కాగితం చించి, నాలుగు మడతలు పెట్టి నా చొక్కా జేబులో దోపింది. ఆ జేబు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తరవాత చేలోకి పోయి, పత్తి సాళ్ళ మధ్య చాలా దూరం నడిచింది. ఆ రోజు అన్నం రెండోసారి పెట్టించుకుంది.

ఒడెస్సా ఫ్యాక్టరీ నుంచి రాగానే కోళ్ళ దొడ్డి వెనక్కి పిలిచి కాగితం ఇచ్చాను.

చదివింది. మళ్ళీ చదివింది.

"'అమ్మకి నా పాట నచ్చిందా?' అని అడిగింది."

నేను కోళ్ళ వైపు చూశాను.

"దీనికి నువ్వేం చెప్పావ్?"

"తలూపాను."

"ఎటు?"

చూపించాను.

ఒడెస్సా అక్కడున్న బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. "ఓరి నాయనో. సంఘపెద్దవి. చచ్చిపోయిన తల్లి పేరు మీద అబద్ధం."

"నాకు తెలియదు గదా."

"తెలియకపోతే తెలియదని చెప్పాలి. ఆ ముక్క చెప్పడానికి సిగ్గు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే సిగ్గు." ఆమె గొంతు మెత్తబడింది. "వెళ్ళి చెప్పెయ్. నాకు చదవడం రాదు, తెలియక ఊపాను అను."

"చెబితే ఏడుస్తుంది."

"ఏడవనీ."

"శబ్దం వస్తే గొంతు పోతుందన్నాడు డాక్టరు."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఇంకా రెండున్నర వారాలు ఉన్నాయి. అప్పటిదాకా ఆ అబద్ధాన్ని నేను మోయాల్సిందే. ఇద్దరికీ అర్థమైంది.

మోస్తే మోశాను, అది నాతో ఆగితే బాగుండేది. శనివారం పాస్టరు టాలివర్ గారు వచ్చారు. చెల్లి ఆయనకి కాగితం మీద కాగితం రాసి చూపించింది. ఆయన అరుగు దిగుతూ నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"శుభవార్త చెప్పారు పెద్దగారూ. ఏటా జరిగే ఉజ్జీవ కూటాల ఆఖరి ఆదివారం సిస్టర్ అర్వెల్లా మన సంఘంలో పాడతానంటోంది. అమ్మగారు కూర్చునే బల్ల ముందు నిలబడి. మీ అమ్మగారు ఆ పాట మెచ్చుకున్నారటగా! ఇంకొకరు చెబితే నమ్మేవాణ్ణి కాదు. మీరు చెప్పారంటే ఇంక తిరుగేముంది?"

కంచె అవతల సైక్స్ అమ్మ బెండకాయలు కోస్తోంది. కత్తి ఆగింది.

"పొలీన్ మెచ్చుకుందా? ఏరా హోజియా, ఎప్పుడు? అరవై ఏళ్ళు నాతో అన్నీ చెప్పింది, ఇదొక్కటీ చెప్పకుండా పోయిందా?"

నేను తలూపనూ లేదు, ఊపకుండా ఉండనూ లేదు. లోపలికి పోయాను.

ఆ రెండు వారాలూ చెల్లి వెలిగిపోయింది. పొద్దున్నే లేచి మజ్జిగ తాగి, అమ్మ పాత టోపీ పెట్టుకుని సాళ్ళలో నడిచేది. ఊపిరి లోపలికి పీల్చి నిలిపి, నెమ్మదిగా వదిలేది, పాటలేని పాట పాడుతున్నట్టు. కిటికీలోంచి నేను చూస్తూ ఉండేవాణ్ణి. ఆమె నడుస్తున్నది నేను ఊపిన తల మీద. అది ఎప్పుడు విరుగుతుందో నాకు తెలుసు. ఆమెకి తెలియదు. బుధవారం కూటంలో కీర్తన అందించడానికి లేస్తే తడబడి రెండో చరణం ముందు పలికాను. జనం ఏమీ అనకుండా అదే అందుకున్నారు.

ఆరు వారాలు నిండిన శుక్రవారం ఆమెని ట్రక్కులో మెంఫిస్ తీసుకుపోయాను. డాక్టరు గదిలోంచి గంట తరవాత బయటికొచ్చింది. నా వైపు చూసి ఏమీ అనలేదు. ట్రక్కెక్కాక కూడా అనలేదు. వంతెన మీదికి వచ్చాం. కింద ఏరు మట్టిరంగులో, కదులుతోందో లేదో తెలియనట్టు ఉంది. సగం వంతెన దాటాక అంది.

"అన్నా."

నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. అది నాకు తెలిసిన గొంతు కాదు. కిందికి దిగిపోయింది. అంచులు గరుగ్గా ఉన్నాయి. గొంతు వెనక ఇంకో గొంతు నిలబడి ఉన్నట్టుంది.

"ఇంతేనట," అంది. "పైకి ఇక పోదట. వచ్చినదాంతోనే సర్దుకోవాలట."

వంతెన దిగి వరద కట్ట పక్కన ట్రక్కు ఆపాను. ఇంజను కట్టేశాను. గడ్డిలో మిడతల చప్పుడు. ఇంకా ఆలస్యం చేస్తే ఆదివారం వచ్చేస్తుంది.

"ఆ కాగితం నేను చదవలేదు," అన్నాను.

ఆమె అద్దంలోంచి బయటికి చూస్తోంది.

"చదవడం రాదు నాకు. ఎప్పుడూ రాదు. ఏం రాశావో తెలియకుండా తలూపాను."

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"రాదని. నాకు తొమ్మిదేళ్ళప్పుడే తెలుసు. బడిలో చదవడం వచ్చిన కొత్త. ముందు బల్ల మీద కూర్చుని నీ చేతిలో పుస్తకం చదువుదామని మెడ చాచాను. దేవుడి కీర్తనలన్నీ నువ్వు పెళ్ళి ప్రమాణాల పేజీలోంచి అందిస్తున్నావన్నా. వారం వారం అదే పేజీ. ఓసారి పుస్తకం తలకిందులుగా కూడా ఉంది." గరుకు గొంతులో నవ్వు వచ్చింది. ఆరు వారాల తరవాత మొదటిసారి ఆమె నవ్వుకి శబ్దం ఉంది. "ఎవరికీ చెప్పలేదు. నిన్ను చూసి భలే గర్వపడ్డాను. ఒక్క ముక్క చదవకుండా అన్ని పాటలు!"

నేను టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"తెలిసీ, రాసి ఎందుకడిగావ్?"

"నోటితో అడిగితే నువ్వు నిజం చెబుతావు." వేలి మీది ఊదారంగు మరక గీక్కుంటోంది. "ఎవరైనా ఒక్కరు ఔనంటే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. నీకు తెలియదు గనక నీకు పాపం అంటదు. నాకు ఔను దొరుకుతుంది. అంతే అనుకున్నాను. కానీ నువ్వు ఊపిన తీరు చూస్తే నిజమే అనిపించిందన్నా. నమ్మేశాను. పాస్టరు గారికి రాసిచ్చాక భయమేసింది."

మిడతలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాయి.

"ఇప్పుడు నోరుంది గదా," అన్నాను. "అడుగు."

ఆమె నా వైపు తిరిగింది. "అమ్మకి నా పాట నచ్చిందా?"

"ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు."

"ఒక్కసారైనా విన్నదా?"

తెలిసింది తెలిసినట్టు చెప్పాలి. "అరవై ఆరు ఆగస్టు. మధ్యాహ్నం భోజనాలప్పుడు. సైక్స్ అమ్మ వాళ్ళ రేడియోలో నీ పాట వచ్చింది, పెద్దగా పెట్టారు. అమ్మ పళ్ళెం వదిలి లేచింది. పోయి కిటికీ మూసేసింది."

"ఆగస్టులోనా?"

"ఆగస్టులో. ఇంట్లో ఉడికిపోయాం. నేను తెరవబోతే చేత్తో ఆగమంది. అద్దం దగ్గరే నిలబడింది, మాకు వీపు పెట్టి. మూడు నిమిషాలు ఉంటుందేమో. తను తెరిచేసరికి పాట అప్పుడే అయిపోయింది. వచ్చి కూర్చుంది. అన్నం తిన్నది. ఏమీ అనలేదు. నేను చూసింది అంతే, వెల్లా. అంతకంటే చెప్పలేను."

చెప్పేశాను. ఇక ఏడుస్తుందని చూశాను. ఏడవలేదు. గిన్నె నిండే చప్పుడు వినేటప్పుడు వాలినట్టే ఆమె తల పక్కకి వాలింది.

"లోపలికి వినపడుతోందా, మూశాక?"

"లేదు. మన పాత కిటికీ గదా, చెక్క ఉబ్బి బిగుసుకుపోయేది. నాకేమీ వినపడలేదు."

"మరి పాట అయిపోయిందని అమ్మకెలా తెలిసింది, అన్నా?"

మూసిన కిటికీ వెనక అది తెలియాలంటే పాటంతా ముందే నోటికి వచ్చుండాలి. అయిదేళ్ళుగా ఆ కిటికీని నేను గుర్తుపెట్టుకున్నది అమ్మ కోపానికి సాక్ష్యంగా. ఈ ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు. ఇద్దరం ముందు అద్దంలోంచి ఖాళీ రోడ్డు చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆమె నా చొక్కా జేబు మీద అరచెయ్యి ఆనించింది. నేను ఇంజను వేశాను.

ఇంటికి రాగానే పాస్టరు గారికి కబురు పంపింది, ముందుకొచ్చి పాడనని, అమ్మ గురించి తను చెప్పిన మాట తప్పని. నా పేరు ఎత్తలేదు.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. ఆమె పాడుతుందన్న మాట ఏటి అవతలికి కూడా పోయింది. చెల్లి అమ్మ కూర్చునే బల్ల మీద, సైక్స్ అమ్మ పక్కన కూర్చుంది, అందరిలో ఒకతెగా. కీర్తన వేళ అయింది. నేను లేచాను. పుస్తకం బల్ల మీదే వదిలేశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సైక్స్ అమ్మ కేకేసింది. "ఏరా, పుస్తకం మర్చిపోయావ్?"

"లేదమ్మా," అన్నాను. సంఘమంతా వినేలాగే అన్నాను. "నాకు చదవడం రాదు."

విసనకర్రలు ఆగాయి. ఎక్కడో బల్ల కిర్రుమంది.

"ఆ సంగతి మాకు తెలియదనుకున్నావా?" అంది సైక్స్ అమ్మ. "మీ నాన్నకీ రాదు. కానివ్వు, పాట అందించు. వేడి చంపేస్తోంది."

వెనక నుంచి ఎవరో "ఆమెన్" అన్నారు. ఒడెస్సా విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ భుజాలు కూడా ఊగుతున్నాయి.

ఆ మర్నాటి నుంచి చెల్లి వెళ్ళేదాకా రోజుకో గంట నాకు అక్షరాలు చెప్పింది. మిగతావి ఒడెస్సా చలికాలమంతా కూర్చోబెట్టి చెప్పింది. అది తరవాతి మాట.

ఆ ఆదివారం నేను కళ్ళు మూసుకుని మొదటి చరణం పలికాను. సంఘం అందుకుంది. మెల్లగా, నేల కిందనుంచి వచ్చినట్టు లేచింది. రెండో చరణం అందించి, ఆ వరసలో మా చెల్లి గొంతు కోసం చెవి పెట్టాను. ఎన్నో ఊళ్ళ వాళ్ళు ఆ గొంతు కోసమే వచ్చి ఉన్నారు, వాళ్ళూ వెతుకుతూనే ఉండుంటారు. నాకు దొరకలేదు. ముసలివాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు, ఒడెస్సా గొంతు, అన్నీ కలిసిపోయి ఒకే నీళ్ళు. కళ్ళు తెరిచి చూస్తే ఆమె పెదాలు కదులుతున్నాయి. గొంతు దగ్గర నరం లేచి దిగుతోంది. పాడుతోంది. అందరిలో ఉంది.

ఆఖరి చరణం సాగి సాగి పలచబడింది. ఆ పాటలు ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పరు, చెయ్యెత్తి చూపించేవాళ్ళూ ఉండరు. అందరం ఒకేసారి ఆగాం.